రైలు ఎక్కడ ఆగుతుంది?

1841 డిసెంబరు 24, ఇంకా తెల్లవారలేదు. లండన్ పాడింగ్టన్ నుంచి బ్రిస్టల్ వెళ్లే గూడ్స్ రైలుకు కొన్ని ప్రయాణికుల పెట్టెలు కూడా తగిలించారు. వాటికి పైకప్పు లేదు. పక్కచెక్కలు కూడా పొట్టివే. వాటిలో కూర్చున్నవాళ్లలో చాలామంది రాతిపనివాళ్లు. బ్రిటిష్ పార్లమెంటు కొత్త భవనం పనులు చేస్తూ, క్రిస్మస్‌కు ఇళ్లకు బయల్దేరారు. సోనింగ్ దగ్గర వానకు నానిన గట్టు జారి పట్టాల మీద పడి ఉంది. ఇంజిన్ ఆ మట్టిలోకి దూసుకుపోయింది. వెనకనున్న బరువైన సరుకు పెట్టెలు ముందుకు తోసుకొచ్చాయి. మనుషులు బయటికి విసిరేసినట్టు పడ్డారు. అక్కడికక్కడే 8 మంది, తర్వాత ఆసుపత్రిలో ఒకరు చనిపోయారు.

గట్టు జారడం ప్రకృతి పని. ఇంజిన్‌కూ సరుకుకూ మధ్య మనుషుల్ని కప్పులేని తొట్లలో కూర్చోబెట్టడం మాత్రం కంపెనీ తీసుకున్న నిర్ణయం. మూడో తరగతి టికెట్ కొన్నవాణ్ని అప్పటి రైల్వేలు సరుకు కంటే కొంచెం ఎక్కువగా చూసేవి, అంతే.

రైల్వేల అభివృద్ధి గురించి రాసేటప్పుడు మనం ఎక్కువగా వేగం లెక్కలే చెప్పుకుంటాం. 1825లో స్టాక్టన్–డార్లింగ్టన్, 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్, 1964లో టోక్యో–ఒసాకా మార్గాలు మొదలయ్యాయి. ఇవన్నీ గొప్ప మెట్లే. కానీ సమాజాన్ని మార్చిన తేదీల్లో నేను ముందుగా రాసేది 1844. సోనింగ్ చావుల తర్వాత బ్రిటన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ప్రయాణికులను మోసే రైల్వే కంపెనీలు రోజుకు కనీసం ఒక రైలును ప్రతి స్టేషన్‌లోనూ ఆపుతూ నడపాలి. మైలుకు ఒక పెన్నీకి మించి తీసుకోకూడదు. ఆగే సమయం కలుపుకుని కూడా గంటకు 12 మైళ్ల వేగం తగ్గకూడదు. పెట్టెలో కూర్చునే చోటు ఉండాలి, ఎండావానా తగలకుండా కప్పు ఉండాలి. ఇంజిన్‌లో ఒక్క మర కూడా మారలేదు. మారిందల్లా ఎవరు ఎక్కవచ్చు, ఎక్కడ ఎక్కవచ్చు, ఎంతకు ఎక్కవచ్చు అన్నదే. పని వెతుక్కుంటూ పక్క జిల్లాకు నడిచిపోయేవాడికి రైలు అందింది ఆ మార్పుతోనే.

చట్టం ఒత్తిడితో మొదలైనదే తర్వాత వ్యాపారంగా కూడా కలిసొచ్చింది. 1872లో మిడ్‌లాండ్ రైల్వే తన రైళ్లన్నిటిలోనూ మూడో తరగతిని అనుమతించింది. మూడేళ్లకు రెండో తరగతినే ఎత్తేసింది. లండన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ కోసం పేదల ఇళ్లు కూల్చినప్పుడు, అందుకు బదులుగా కార్మికులకు చౌక రైళ్లు నడపాలని కంపెనీకి షరతు పెట్టారు. ఆ రైళ్ల వెంబడే ఎడ్మంటన్, వాల్తమ్‌స్టో లాంటి శివార్లు కార్మికుల పట్టణాలుగా పెరిగాయి. ఎవరు ఏ ఊళ్లో కాపురం పెట్టాలి, ఎంత దూరం వెళ్లి కూలి తెచ్చుకోవచ్చు అన్నది తెల్లవారుజామున వచ్చే ఒక రైలు తేల్చేసింది.

గడియారాలదీ అలాంటి కథే. బ్రిస్టల్‌లో సూర్యుడు లండన్ కంటే సుమారు 10 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. ఊరికో సమయం ఉంటే టైంటేబుల్ వేయడం కుదరదు. అమెరికాలో 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలే కూడబలుక్కుని దేశాన్ని సమయ మండలాలుగా పంచేశాయి. ప్రభుత్వం దానికి చట్టం చేసింది 1918లో. ముప్పై అయిదేళ్ల పాటు ఒక దేశం కంపెనీలు పెట్టిన వేళకు నిద్రలేచింది!

భారతదేశంలో రైలు వచ్చిన తీరు ఈ విషయాన్ని ఇంకా కటువుగా చూపిస్తుంది. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. పట్టాలు వేసిన బ్రిటిష్ కంపెనీలకు పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లోటు వస్తే పూడ్చింది ఇక్కడి పన్నులతోనే. కాబట్టి ఖర్చు తగ్గించాలన్న టెన్షన్ వాళ్లకు లేదు. ముఖ్యమైన లైన్లు ఓడరేవుల నుంచి లోపలికి పాకాయి. పత్తి, ధాన్యం రేవుకు చేరడం, సైన్యం కదలడం వాటి మొదటి పనులు. ఈ డబ్బు రైళ్లకు కాదు, సాగునీటికీ పడవలు నడిచే కాలువలకూ పెట్టమని సర్ ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించాడు. 1876–78 కరువులో మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోతుండగా దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. కరువు ప్రాంతాలకు రైళ్లు ధాన్యం తెచ్చిన మాటా నిజమే. కానీ రైలు ధాన్యాన్ని ధర ఉన్న చోటికి మోస్తుంది, ఆకలి ఉన్న చోటికి కాదు. చేతిలో డబ్బు లేనివాడికి స్టేషన్‌లో దిగిన బస్తా వల్ల ఒరిగేది ఏమీ లేదు.

పట్టాల మీద జరిగిన మరో పోరాటం సీటు గురించి. రైలు ముక్కూమొహం తెలియనివాళ్లను ఒకే బల్ల మీద కూర్చోబెడుతుంది. ఊళ్లో వీధులు వేరు చేసి కాపాడుకున్న హెచ్చుతగ్గులను పెట్టెలో కాపాడాలంటే నిబంధన రాయాల్సిందే, మనిషిని బలవంతంగా దించాల్సిందే. 1892 జూన్ 7న అమెరికాలోని లూసియానాలో, చట్టం నల్లజాతివాడిగా లెక్కించిన హోమర్ ప్లెసీ మొదటి తరగతి టికెట్‌తో తెల్లజాతివాళ్లకు కేటాయించిన పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. సరిగ్గా ఏడాదికి, 1893 జూన్ 7 రాత్రి, దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దించేశారు. ప్లెసీ కేసులో 1896లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు వేరు వేరు పెట్టెలను సమర్థించింది. ఆ తీర్పు ఆధారంగా పాఠశాలల్లో సాగిన జాతి వేర్పాటును అదే కోర్టు తప్పని చెప్పడానికి 1954 దాకా పట్టింది.

ఇప్పుడు ప్రపంచమంతా హైస్పీడ్ రైళ్ల వైపు చూస్తోంది. నాకు వాటి మీద వ్యతిరేకత లేదు. విమానాల నుంచి, కార్ల నుంచి జనాన్ని పట్టాల మీదికి మళ్లించగలిగినవి అవే. కాకపోతే వేగానికీ ఆగడానికీ మధ్య పేచీ ఉంది. ప్రతి హాల్టూ బ్రేకు వేయడానికీ, మళ్లీ వేగం అందుకోవడానికీ నిమిషాలు తింటుంది. అందుకే చిన్న స్టేషన్లను దాటేయాలన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది. జపాన్ మొదటి రోజు నుంచే దీన్ని ఆలోచించి పరిష్కరించింది. 1964 అక్టోబరు 1న మొదలైన టోక్యో–ఒసాకా లైనులో హికారి అనే రైలు కొద్ది చోట్ల మాత్రమే ఆగేది. అదే పట్టాల మీద కొడమ అనే రైలు అన్ని స్టేషన్లలో ఆగేది, ఇప్పటికీ ఆగుతోంది. ప్రపంచంలోకెల్లా పొడవైన హైస్పీడ్ మార్గాలున్న చైనాలో, దాలియాంగ్ కొండల్లో, ఇప్పటికీ ఒక నిదానపు రైలు నడుస్తోంది. ఏళ్ల తరబడి ఛార్జీ పెంచలేదు. రైతులు సంతకు తీసుకెళ్లే పశువులకూ అందులో చోటుంది. ఆ రైలు లాభం చూపించదు. దాని లెక్క టికెట్ల పుస్తకంలో కనిపించేది కాదు.

టికెట్ల పుస్తకం మాత్రమే చూసి తేలిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశాం. 1963లో అక్కడి రైల్వే బోర్డు అధిపతి రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లను మూసేయమంది. ఆ లెక్క కాగితం మీద తప్పు కాదు, ఖాళీగా తిరిగే రైళ్లు నిజంగానే ఉన్నాయి. కానీ వాగులు ఎండితే నది బతకదు. ఊరి స్టేషన్ పోయినవాడు కారు వేసుకుని మెయిన్ లైను దాకా వచ్చి రైలెక్కుతాడనుకున్నారు. కారు కొన్నాక మధ్యలో దిగి రైలెందుకు ఎక్కుతాడు? నేరుగా కారులోనే పోయాడు. కారు లేని ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లో ఉండిపోయారు.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నుంచి ఇంగ్లండ్‌లోని కార్లైల్ వెళ్లే వేవర్లీ మార్గం 1969 జనవరిలో మూతపడింది. చివరి రైలు వస్తున్న రాత్రి ఆ దారిలోని న్యూకాసిల్‌టన్ అనే ఊరి జనం లెవెల్ క్రాసింగ్ గేట్లు వేసి పట్టాలకు అడ్డం నిలబడ్డారు. వాళ్లతో ఉన్న చర్చి పాస్టర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. అతన్ని వదిలిపెడతామన్నాకే గేట్లు తెరిచారు. 46 ఏళ్లు గడిచాక, 2015 సెప్టెంబరులో, ఆ మార్గంలో ఎడిన్‌బరో నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా మళ్లీ పట్టాలు వేసి రైలు నడిపారు. ట్వీడ్‌బ్యాంక్ దాటాక, హాయిక్ మీదుగా న్యూకాసిల్‌టన్ వైపు వెళ్లే దారికి ఇంకా రైలు రాలేదు.