తావో గ్రంథాలను కాపాడింది చక్రవర్తులు కాదు

చైనాలో పుట్టిన తావో మత గ్రంథాలు ఈనాటికి మిగిలి ఉన్నాయంటే అది చైనా చక్రవర్తుల చలవేనని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఖర్చు పెట్టారు, పండితులను కూర్చోబెట్టారు, నిజమే. కానీ వాటిని తగలబెట్టమన్న ఆజ్ఞ కూడా సింహాసనం నుంచే వచ్చింది. ఆ సగం ఎందుకు వదిలేస్తారు?

471లో లు షియుజింగ్ అనే తావో గురువు గ్రంథాల జాబితా రాసి చక్రవర్తికి సమర్పించాడు. 8వ శతాబ్దంలో తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ దేశమంతా వెతికించి పెద్ద సంకలనం చేయించాడు. 755లో ఆన్ లుషాన్ తిరుగుబాటు మొదలైంది, రాజధాని దోపిడీకి గురైంది, పోగేసిన వాటిలో చాలా భాగం పోయింది. 12వ శతాబ్దంలో సోంగ్ చక్రవర్తి హుయిజోంగ్ ఫుజౌలో చెక్క పలకలు చెక్కించి మొదటిసారి మొత్తం అచ్చు వేయించాడు. తర్వాత ఉత్తర చైనాను ఏలిన జిన్ రాజ్యం ఇంకా పెద్ద సంకలనం తెచ్చింది. 1202లో ఆ పలకలు అగ్నికి ఆహుతయ్యాయి. అన్నీ ఒకేచోట, అదీ రాజధానిలో పెడితే జరిగేది ఇదే.

నా దృష్టిలో ఈ కథలో అసలు పెద్దమనిషి సోంగ్ దెఫాంగ్. తావో మతంలోని చువాన్‌జెన్ శాఖ సన్యాసి. మంగోలుల యుద్ధాలతో ఉత్తర చైనా చితికిపోయి ఉన్న రోజుల్లో, 1237లో, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మంగోల్ పాలకుల అనుమతి ఉంది, దాతల సాయమూ ఉంది, కానీ పని మోసింది మఠాలు. ఉత్తర చైనాలోని పింగ్‌యాంగ్ కేంద్రంగా శిష్యుడు చిన్ జీఆన్ ప్రతులు సరిచూస్తూ కూర్చున్నాడు. 1244లో పూర్తయింది. 7,000 పైగా చుట్టలు (పాత చైనా గ్రంథాల భాగాలను ఇలాగే లెక్కిస్తారు)! అంత పెద్ద సంకలనం అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

దాన్ని కాల్చేశారు. తావో మత మూలపురుషుడు లావోజి పడమరకు వెళ్లి బుద్ధుడయ్యాడని చెప్పే ఒక పుస్తకం మీద బౌద్ధులకు ఎప్పటినుంచో కోపం. ఆ కోపం న్యాయమైనదే, ఆ పుస్తకం రాసినవాళ్లది తప్పే. 1258లో మంగోల్ రాజవంశీకుడు కుబ్లాయ్ సమక్షంలో ఇరుపక్షాల వాదన జరిగింది, తావో పక్షం ఓడిపోయింది. 1281లో, అప్పటికి చక్రవర్తి అయిన అదే కుబ్లాయ్, లావోజి పేరున్న దావో దె జింగ్ ఒక్కటి తప్ప మిగతావన్నీ కాల్చమన్నాడు. తప్పు ఒక పుస్తకానిదైతే శిక్ష వేల చుట్టలకా? ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది మింగ్ కాలం నాటిది. 1406లో యోంగ్లె చక్రవర్తి ఆజ్ఞతో తావో గురువు జాంగ్ యుచు మొదలుపెట్టాడు, ఆయన 1410లో చనిపోయాడు. 1445 నాటికి గానీ 5,305 చుట్టలు అచ్చు కాలేదు. 1607లో ఇంకో 180 చేర్చారు. సోంగ్ దెఫాంగ్ సేకరించిన వాటిలో ఎన్నో ఇందులో లేవు.

ఈ మింగ్ పలకలు కూడా 1900లో బీజింగ్ అల్లర్లలో నాశనమయ్యాయి. అయినా గ్రంథాలు ఎలా మిగిలాయి? అచ్చు ప్రతులు ముందే గుళ్లకు పంచి ఉన్నాయి కాబట్టి. పంచమన్నది చక్రవర్తే, ఆ మెచ్చుకోలు ఇస్తాను. కానీ నాలుగున్నర శతాబ్దాలు చెదలు పట్టకుండా, తడవకుండా చూసుకున్నది పేరు కూడా తెలియని సన్యాసులు. బీజింగ్‌లోని తెల్లమేఘాల గుడిలో దాచిన ప్రతినే ఫొటోలు తీసి 1923-26లో షాంఘైలో మళ్లీ అచ్చు వేశారు. ఈ రోజు పరిశోధకులు తిరగేసేది ఎక్కువగా దాని నుంచి వచ్చిన ప్రతులనే.

ఇంతకీ ఇవి వట్టి పూజా మంత్రాలు అనుకునేవారికి ఒక్క సంగతి. కన్ఫ్యూషియస్ వాదులను గట్టిగా ఎదిరించిన ప్రాచీన తత్వవేత్త మోజి రచనలు వందల ఏళ్లు దాదాపు ఎవరికీ పట్టలేదు. మోజి తావోవాది కాదు. అయినా ఆ పుస్తకాన్ని ఈ సంకలనంలో చేర్చారు. 1783లో బి యువాన్ అనే పండితుడు మోజిని సరిదిద్ది ప్రచురించినప్పుడు ఆధారం ఈ సంకలనంలోని ప్రతే. గంధకం, సురేకారం కలిపి వేడిచేస్తే చేతులు, ముఖం కాలతాయని, ఇల్లే తగలబడుతుందని హెచ్చరించిన పాత రసవాద గ్రంథం కూడా ఇందులోదే. మందుగుండు చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ దాన్నే తెరుస్తారు.