హార్డ్ డెసిషన్ గారికి, తిరుపతి నుంచి

మహారాజశ్రీ హార్డ్ డెసిషన్ గారికి,

తిరుపతిలో ఇంజినీరింగ్ పిల్లలకు కమ్యూనికేషన్స్ పాఠం చెప్పుకుని బతికే నేను నమస్కరించి రాయునది. అందిన సంకేతాన్ని అక్కడికక్కడే సున్నా అనో ఒకటి అనో తేల్చేసే తమరి దయ వల్ల మొన్న మా మేనమామగారి కుటుంబం ఐదుగురూ రైల్వే స్టేషన్ మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నారు.

"వెంకటాద్రిలో వస్తున్నాం, ఐదుగురం" అని ఆయన రైలు మోతలో నుంచే ఫోను చేశారు. "వెంకట" వరకు గంట కొట్టినట్టు వినబడింది. ఆ తర్వాతి అక్షరాలు మోతలో కలిసిపోయాయి. తమరు అప్పటికప్పుడు "వెంకటరమణ" అని తీర్పు చెప్పేశారు. మా బంధువర్గంలో వెంకటరమణ, వెంకటేశు, వెంకటాచలం ముగ్గురూ ఉన్నారు (ఈ ఊళ్లో ఎవరి బంధువర్గంలో లేరు గనుక!). ఒక్కడికి సరిపడా సంగటి కెలికించి కూర్చున్నాను. "లో", "ఐదుగురం" అన్నవి స్పష్టంగానే వినబడ్డాయి. అయితే తీర్పు అయిపోయాక సాక్షులను పిలిచేదెవరు?

తమరి వృత్తే అది. అందిన విలువ 0.51 అయినా, 0.99 అయినా "1" అని ముద్ర కొట్టి, సందేహాన్ని చెత్తబుట్టలో పడేసి, డీకోడర్‌కు (తప్పులు సరిదిద్ది అసలు సందేశం తేల్చే యంత్రానికి) ముద్ర మాత్రం పంపుతారు. ఈ అహంకారం ఖరీదు సంకేత బలంలో సుమారు 2 డెసిబెళ్లు (డెసిబెల్ అంటే ఆ బలాన్ని పోల్చే కొలమానం).

1967లో ఆండ్రూ విటెర్బి చెప్పిన పద్ధతికి ఇంత తొందర లేదు. సందేశం ఇదై ఉండొచ్చు అనే అనేక దారులను పక్కపక్కనే నడవనిస్తుంది, రెండు దారులు ఒకచోట కలిసినప్పుడే బలహీనమైనదాన్ని వదిలేస్తుంది. ఆ పద్ధతి నా చెవిలో ఉంటే "వెంకటరమణలో ఐదుగురం" అన్న దారి అడుగు కదిలేది కాదు.

కోడింగ్ (తప్పులు సరిదిద్దేందుకు అదనపు బిట్లు కలపడం) ఒక గదిలో, మాడ్యులేషన్ (బిట్లను తరంగం మీదికి ఎక్కించడం) మరో గదిలో ఉంటే నడుమ గుమాస్తా తమరే. 1982లో ఐబీఎం జ్యూరిక్ ప్రయోగశాలకు చెందిన గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బాక్ వ్యాసం ఆ గోడ కూల్చింది. పంపే సంకేతాలను బిందువులుగా గీసే వలయం మీద 4 బిందువులు చాలేచోట ఆయన 8 పెట్టాడు. మా వెంకట్‌ల లాగే అవి ఒకదానికొకటి మరీ దగ్గరపడ్డాయి. అయినా ఏ స్థితి (దారిలోని మజిలీ) నుంచీ పక్కపక్క బిందువులు రెండూ బయలుదేరకుండా ట్రెల్లిస్ (ఏ బిందువు తర్వాత ఏది రావచ్చో చూపే దారుల పందిరి) కట్టాడు. పేర్లు దగ్గరైతేనేం, వాక్యాలు దూరమయ్యాయి. నాలుగు స్థితుల ట్రెల్లిస్‌తోనే దూరపు వర్గం (స్క్వేర్) రెట్టింపయింది. బ్యాండ్‌విడ్త్ పిసరంత పెరగకుండా 3 డెసిబెళ్ల లాభం! 1984 నాటి వి.32 ప్రమాణపు మోడెమ్ మామూలు టెలిఫోను తీగ మీద సెకనుకు 9,600 బిట్లు పంపింది ఈ చలవతోనే.

తమరిలోనూ ఒక గుణం ఉంది, వేగం. విటెర్బి పద్ధతి ఒక్క బిట్ చెప్పాలన్నా కోడ్ జ్ఞాపకానికి (అది గుర్తుంచుకునే పాత బిట్ల సంఖ్యకు) ఐదారింతలు ముందుకు చూస్తే తప్ప నోరు విప్పదు. పొయ్యి ముందు నిలబడి "ఎంతమందికి వండాలి?" అని అడిగే మా ఆవిడ దగ్గర అంత తీరిక ఎక్కడిది?

జవాబు రాస్తే సున్నా అనో ఒకటి అనో రాసి ఊరుకోకండి. ఎంత నమ్మకంతో అంటున్నారో పక్కనే వేయండి.

ఇట్లు,
మామయ్య ఇంకా మాట్లాడని మేనల్లుడు