పాట మధ్యలో శాలువా

ఆ యాంకరమ్మకు చెవులు లేవని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చెవులు ఉండబట్టే ఆ ఘోరం జరిగింది. డ్రమ్స్ ఆగడం వినపడింది, పాట అయిపోయిందనుకుంది, మైకు పట్టుకుని "హాయ్ వైజాగ్! ఎలా ఉంది? గట్టిగా అరవాలి!" అంటూ నేరుగా వేదిక మధ్యకు వచ్చేసింది.

పాట అవలేదు. ప్రోగ్రెసివ్ రాక్ అంటే మలుపుల మీద మలుపులు తిరిగే పొడుగు పాటల రాక్ సంగీతం, అందులో పాటలు అంత తేలిగ్గా అవవు. జెత్రో టల్ అనే ఇంగ్లీషు బ్యాండు 1972లో ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే పాటగా చేసింది, రికార్డు తిరగేస్తే రెండోవైపూ అదే పాట. ఇంగ్లండు నుంచి మన ఊరొచ్చిన ఈ పాతకాపులదీ అదే బాణీ. తాళం ఏడులో నడుస్తూ ఉన్నట్టుండి అయిదులోకి దూకుతుంది, గిటార్ తప్పుకుంటుంది, కీబోర్డు మీద ఒక్క స్వరం మిగులుతుంది, ఆ కాస్త నిశ్శబ్దంలోంచే తర్వాతి భాగం లేస్తుంది. జనం డబ్బు పెట్టి వచ్చేది దానికోసమే. మన నిర్వాహకులకు మాత్రం నిశ్శబ్దమంటే ముఖ్య అతిథిని ఇరికించడానికి దొరికిన సందు.

అసలు మొదలవడమే ఒక ప్రహసనం. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట వేదిక, సముద్రం మీంచి గాలి, ఆ గాలిలో జ్యోతి ప్రజ్వలన. ఒక వత్తి వెలిగితే ఇంకోటి ఆరిపోతోంది. అతిథులు ఒకరి తర్వాత ఒకరు కొవ్వొత్తి పుచ్చుకుని ప్రయత్నించారు, కర్పూరం వచ్చింది, లైటర్ వచ్చింది, చివరికి ఒకాయన తన కండువానే అడ్డం పెట్టాడు (అంటుకుంటుందేమోనని కాస్త ఆశపడ్డాను కూడా). డెబ్బై దాటిన డ్రమ్మర్ స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని, ఇదీ కచేరీలో భాగమే అనుకున్నాడో ఏమో పాపం, శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

ఇక సన్మానం. ఫ్లూట్ వాయించే పెద్దాయన, జెత్రో టల్ ఫ్లూట్ వాద్యకారుడు ఇయాన్ ఆండర్సన్‌లా ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని సోలో అందుకున్నాడు. అందుకున్నాడో లేదో భుజాల మీద శాలువా పడింది. ఆయన ఆపలేదు. మెడలో దండ పడింది. ఆపలేదు. తలకి పాగా పెట్టారు, అది కళ్ల మీదికి జారింది, అప్పుడూ ఆపలేదు. ఫొటోగ్రాఫర్ "సార్, లెగ్ డౌన్, లెగ్ డౌన్" అని అరిచాడు. అప్పుడు ఆపాడు. జ్ఞాపిక చేతిలో పెట్టేసరికి ఫ్లూట్ ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన దాన్ని ముఖ్య అతిథికి అందించాడు, ముఖ్య అతిథి అది తనకిచ్చిన కానుక అనుకుని రెండు చేతులా దణ్ణం పెట్టి కారెక్కేశాడు. దాన్ని వెనక్కి తెప్పించేదాకా యాంకరమ్మ లక్కీ డ్రా నడిపింది.

ఇకపై ఇలాంటి బ్యాండ్లు ఏ పాటలో ఎన్ని నిశ్శబ్దాలున్నాయో, ఒక్కోటి ఎన్ని సెకన్లో, మూడు కాపీల్లో ముందే దాఖలు చేసుకోవాలని నా మనవి.

మర్నాడు ఊరు చూపించారు. నేనూ వెనక సీట్లో ఇరుక్కున్నాను. కుర్సురా జలాంతర్గామిని ఒక చివర ఎక్కించి రెండో చివర దించారు. అది నౌకాదళంలో చేరింది 1969లో, ఇదే బాణీ బ్యాండు కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ వచ్చిన ఏడే. 2001లో ఇది రిటైరైపోయింది, నేనింకా కాలేదని డ్రమ్మర్ నవ్వాడు, ఆ నవ్వు పూర్తయ్యేలోపు కైలాసగిరి, సెల్ఫీ, దిగడం కూడా అయిపోయాయి. బీచ్‌లో మురీ మిక్చర్ తినబోతే "హైజీన్ సార్" అని పొట్లం లాక్కుని, హోటల్‌కి తీసుకెళ్లి శాండ్‌విచ్ పెట్టారు. వైజాగ్ వచ్చి శాండ్‌విచ్!

ఫ్లూట్ పెద్దాయన భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడాలన్నాడు. ఎక్కడో చదివాడట.

"అక్కడేటుంది సార్, మట్టే కదా" అన్నాడు నిర్వాహకుడు.

మట్టే. వేల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, ఇనుము వల్ల ఎర్రబడిన ఇసుక, వానలు కోసిన లోయలు. ఇలాంటివి మళ్లీ చూడాలంటే తమిళనాడుకో శ్రీలంకకో పోవాలి. జియాలజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినా, అక్కడికి జేసీబీలు దించి ప్లాట్ల కోసం చదును చేయబోయిన ఊరండీ మనది! సిగ్గుండక్కర్లేదా? ఎవడబ్బ సొమ్మని తవ్వుతున్నారు? ఇరవై నిమిషాల పాట అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోలేనివాళ్ల చేతుల్లో ఆ దిబ్బల్ని పెట్టి, పైగా బీచ్ రోడ్డు మీద మన ఊరంటే మాకు ప్రేమ అని అక్షరాలు నిలబెట్టుకుంటాం.

కారు దిబ్బల దగ్గర ఆగింది, అబద్ధం చెప్పను. ఏసీ పోతుందని అద్దాలు దించలేదు. పెద్దాయన తలుపు తీయబోతుంటే నిర్వాహకుడు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, సాయంత్రం ఒక అపార్ట్‌మెంట్ల బ్రోచర్ ఆవిష్కరణ ఉందనీ, అది వారి చేతుల మీదుగానే జరగాలనీ విన్నవించుకున్నాడు.

"సీ వ్యూ సార్. ఇక్కడికి దగ్గరే."