ఒక్క కార్డు, ఒక్క రోజు, అయిదు మేడలు: డెర్బీషైర్ ఫార్వర్డ్‌లో ఎంత నిజం?

సెలవులు దగ్గరపడితే చాలు, ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. సారాంశం ఇది: “డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్, హాడన్, హార్డ్‌విక్, కెడిల్‌స్టన్, కాల్క్ అని అయిదు ప్యాలెస్‌లు ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ కార్డు ఒక్కటి ఉంటే అన్నీ ఫ్రీ. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి అయిదూ అయిపోతాయి. ఏ నెలలో వెళ్ళినా తెరిచే ఉంటాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు, మన తిండి తిననివ్వరు. కారు లేకపోతే దండగ. అయినా ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.”

మేడల పేర్లు తప్ప ఇందులో నిలిచే మాట దాదాపు లేదు. ఆ ‘ప్యాలెస్’ అన్నది కూడా తప్పే. ఇవి రాజులు కట్టుకున్నవి కావు. భూస్వాములు కట్టుకున్నవి, మన లెక్కలో దివాణాలు.

“ఒక్క కార్డుతో అన్నీ ఫ్రీ”

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నేషనల్ ట్రస్ట్ అంటే పాత మేడల్ని, తోటల్ని కాపాడే సంస్థ. ఏడాది సభ్యత్వం కడితే కార్డు ఇస్తుంది. ఆ అయిదింటిలో నేషనల్ ట్రస్ట్‌వి మూడే: హార్డ్‌విక్, కెడిల్‌స్టన్, కాల్క్. చాట్స్‌వర్త్ డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు, నడిపేది దాని సొంత ట్రస్టు. హాడన్ మ్యానర్స్ కుటుంబానిది. ఈ రెండుచోట్లా నేషనల్ ట్రస్ట్ కార్డు చూపిస్తే గేటు దగ్గర మర్యాదగా నవ్వి టికెట్ ధర చెబుతారు.

చాట్స్‌వర్త్, హార్డ్‌విక్ రెండూ ఒకే వంశానివి కదా, మరి టికెట్లు వేరెందుకు? వారసత్వ పన్ను వల్ల. కొడుకు పేరున ఆస్తి రాసిన పదో డ్యూకు, పన్ను తప్పడానికి కావలసిన అయిదేళ్ళ గడువు ఇంకొన్ని వారాల్లో నిండుతుందనగా 1950లో చనిపోయాడు. పన్ను రేటు 80 శాతం. వారసులు భూములు, చిత్రపటాలు అమ్మారు, హార్డ్‌విక్‌ను పన్ను కింద ప్రభుత్వానికి అప్పగించారు. 1959లో అది నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. హార్డ్‌విక్‌కు ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న బోల్సోవర్ కోట కూడా అదే కుటుంబం కట్టించింది. దాన్ని ఇప్పుడు చూసుకునేది ఇంగ్లిష్ హెరిటేజ్ అనే మరో సంస్థ. అంటే ఒకే ఇంటిపేరు వాళ్ళ మూడు కట్టడాలకు మూడు వేర్వేరు కార్డులు, టికెట్లు. అందుకే ఏ మేడకైనా బయలుదేరే ముందు అది ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. టికెట్, పార్కింగ్, తెరిచే రోజులు అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

రెండు పార్కులు, ఒక మేడ చూసి వచ్చేద్దామనుకునేవాళ్ళకు ఏడాది సభ్యత్వం గిట్టదు. టికెట్ల ధర కూడుకుని చూస్తే తెలిసిపోతుంది. నేషనల్ ట్రస్ట్ చోట్ల అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎలాగూ టికెట్ లేదు.

“ఒక్క రోజులో అయిదూ”

హాడన్ నుంచి చాట్స్‌వర్త్ అయిదారు మైళ్ళు. అక్కడి నుంచి హార్డ్‌విక్ 16. హార్డ్‌విక్ నుంచి కెడిల్‌స్టన్ 24 దాకా, అక్కడి నుంచి డెర్బీ దాటి కాల్క్ మరో 15. మొత్తం 60 మైళ్ళు. ట్రాఫిక్ లేకపోయినా రోడ్డు మీదే రెండు గంటలు దాటుతుంది. మేడలు తెరిచేది పదిన్నర, పదకొండుకు. ఆఖరి ప్రవేశం మూసే వేళకు గంట ముందు, అంటే చాలాచోట్ల నాలుగు లోపే. మిగిలేది మూడు గంటలు. అందులోంచి కారు పెట్టిన చోటు నుంచి గుమ్మం దాకా నడక అయిదుసార్లు తీసేయండి. చాట్స్‌వర్త్ తోట ఒక్కటే 105 ఎకరాలు!

కుదిరే పద్ధతి ఇదీ: చాట్స్‌వర్త్‌కు ఒక రోజు పూర్తిగా. హాడన్, బేక్‌వెల్ ఊరు కలిపి ఒక పూట. హార్డ్‌విక్, బోల్సోవర్ ఒక రోజు. కెడిల్‌స్టన్, కాల్క్ ఇంకో రోజు. ఈ చివరి రెంటికీ నేషనల్ ట్రస్ట్ కార్డే పనిచేస్తుంది. కాల్క్‌లో ఇంట్లోకి వెళ్ళడానికి టైము రాసిన టికెట్ ఇస్తుంటారు. కాబట్టి ముందు ఆ టికెట్ తీసుకుని, తర్వాత తోటలోకి వెళ్ళాలి. చాలామంది తిరగేసి చేస్తారు. తోట చూసొచ్చేసరికి ఇంటి టికెట్లు అయిపోయి ఉంటాయి.

“ఏ నెలలోనైనా తెరిచే ఉంటాయి”

పార్కు తెరిచి ఉండడం వేరు, ఇల్లు తెరిచి ఉండడం వేరు. వెబ్‌సైట్‌లో ‘ఓపెన్’ అని చూసి జనవరిలో వెళ్ళినవాళ్ళకు దొరికేది పార్కు, టీ కొట్టు మాత్రమే. చాట్స్‌వర్త్ ఇల్లు మామూలుగా క్రిస్మస్ అలంకరణలు తీసేశాక మూసి, మార్చిలో తెరుస్తారు. ఆ రెండు నెలలూ లోపల దులుపుడు పని నడుస్తుంది. ఇలాంటి ఇళ్ళలో చెక్కిన కర్రకు, పూతపూసిన ఫ్రేముకు, పింగాణీకి ఒకే బ్రష్ వాడరు. గట్టిదానికి పంది వెంట్రుకల బ్రష్, సున్నితమైనదానికి గుర్రపు వెంట్రుకలది. ఒక చేత్తో దులుపుతూ, రెండో చేతిలో మూతికి వల కట్టిన వాక్యూమ్ పట్టుకుంటారు. ఊడిన రేకు ముక్క ఏదైనా ఉంటే గొట్టంలోకి పోకుండా ఆ వల ఆపుతుంది. మనుషులు తిరుగుతుండగా అయ్యే పని కాదది.

చలికాలంలో ఈ ఇళ్ళు లోపల కూడా చల్లగానే ఉంటాయి, కోటు విప్పకండి. హీటర్లు మన ఒంటికోసం కాదు, గాలిలో తేమకోసం. తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, 50 కిందికి పోతే కర్ర పగులుతుంది. ఆ మధ్యలో ఉంచేంత వేడే పెడతారు.

తోటలకు నెల ముఖ్యం. ఫిబ్రవరిలో స్నోడ్రాప్‌లు, మే చివర రోడోడెండ్రాన్లు. హాడన్ మెట్ల తోటలో గులాబీలకు జూన్, జూలై. చాట్స్‌వర్త్‌లో తోటల పెద్ద జోసెఫ్ ప్యాక్స్‌టన్ 1844లో కట్టిన ఎంపరర్ ఫౌంటెన్‌కు పంపు లేదు. కొండ మీద చెరువు తవ్వి, గొట్టంలో నీళ్ళు కిందికి వదిలితే ఆ ఒత్తిడికే పైకి లేస్తుంది. 90 మీటర్ల దాకా ఎగసిన రికార్డు ఉంది. రష్యా చక్రవర్తి (జార్) వస్తాడని కట్టారు, ఆయన రానేలేదు. చెరువు మట్టం మీద నడిచేది కాబట్టి ఎండాకాలం వానలు లేకపోతే మాత్రం ఆ ఎత్తు ఆశించకండి.

“ఫొటోలు తీయనివ్వరు”

నేషనల్ ట్రస్ట్ ఇళ్ళలో, చాట్స్‌వర్త్‌లో సొంతానికి తీసుకోవచ్చు. వద్దనేది ఫ్లాష్, ట్రైపాడ్. గదులు చీకటిగా ఉన్నాయని కర్టెన్ జరపబోతారు కొందరు, అది మాత్రం చేయకండి. నేత గుడ్డల మీద పడే వెలుతురు 50 లక్స్‌కు మించకుండా చూస్తారు. బయట మంచి ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. పోయిన రంగు తిరిగి రాదు. గుమ్మంలో రెండు మూడు నిమిషాలు నిలబడితే కళ్ళు అలవాటు పడతాయి.

హార్డ్‌విక్ పొడుగు గ్యాలరీలో అలా నిలబడడం తప్పనిసరి. అక్కడి గిడియన్ అనే బైబిల్ వీరుడి కథ నేత తెరలు 13. వాటిని బాగుచేయడానికి 24 ఏళ్ళు పట్టింది, 2023లో ముగిసింది. ఇల్లు కట్టించిన బెస్ 1592లో వీటిని సెకండ్ హ్యాండ్‌లో కొంది. పాత యజమాని హాటన్ వంశ చిహ్నాలు మార్చుకునే ఖర్చుకని బేరమాడి 5 పౌండ్లు తగ్గించుకుంది. హాటన్ల ఆడజింకకు కొమ్ములు పెట్టించి తమ మగజింకను చేసేసింది. ఆ అతుకుల కోసం వెతకండి.

వీపు సంచి ముందుకు తగిలించుకోమంటారు. సన్న మడమ చెప్పులు వద్దంటారు. 60 కిలోల మనిషి బరువు ఒక్క చదరపు సెంటీమీటరు మీద పడితే పాత చెక్క నేల గుంట పడుతుంది.

“మన తిండి తిననివ్వరు”

పులిహోర డబ్బా పార్కులో గడ్డి మీద హాయిగా విప్పండి. గదుల్లో మాత్రం వద్దు. ఒక్క మెతుకు చాలు ఎలకలకూ పురుగులకూ. బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, తినని పెద్దవాళ్ళకు ముందే చెప్పండి.

“కారు లేకపోతే దండగ”

సగం నిజం. చాట్స్‌వర్త్‌కు షెఫీల్డ్ నుంచి 218 బస్సు వెళుతుంది. హాడన్ గేటు బేక్‌వెల్, మ్యాట్‌లాక్ బస్సులు తిరిగే రోడ్డు మీదే ఉంది. హార్డ్‌విక్‌కు కారు కావాలి. కెడిల్‌స్టన్ డెర్బీ నుంచి అయిదు మైళ్ళ లోపే, నలుగురుంటే టాక్సీ గిట్టుతుంది. ఊరి పేరు ‘డార్బీ’ అని పలకండి, డెర్బీ అంటే డ్రైవరు తల గోక్కుంటాడు.

“ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే”

హాడన్ 1700 ప్రాంతంలో ఖాళీ అయి రెండొందల ఏళ్ళు అలాగే ఉండిపోయింది. మోజు మారినప్పుడల్లా కూల్చి కట్టే యజమాని లేడు కనక మధ్యయుగపు ఇల్లు మిగిలింది. కాల్క్‌లో రంగు పెచ్చులూడిన గోడల్ని కావాలనే అలా ఉంచారు. ఇంకా పాడవకుండా ఆపుతారు, కొత్తగా చేయరు. ఈ రెండూ ఒకటే అన్నవాళ్ళు రెండిట్లో ఏదీ చూడలేదు.

కెడిల్‌స్టన్ సంగతి మనకు ఇంకా దగ్గర. బెంగాల్‌ను 1905లో చీల్చిన వైస్రాయ్ కర్జన్ పుట్టిల్లు ఇదే. ఆ విభజన మీద రేగిన వందేమాతరం ఉద్యమమే 1907లో బిపిన్ చంద్ర పాల్‌ను రాజమండ్రి దాకా తెచ్చింది. కర్జన్ మన దేశం నుంచి పట్టుకెళ్ళిన వస్తువులు కింది అంతస్తు ఈస్టర్న్ మ్యూజియంలో ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య వేసుకున్న నెమలి గౌను కూడా ఈ ఇంటిదే. ఆ పచ్చటి మెరుపు రాళ్ళది కాదు, పురుగు రెక్కలది. కలకత్తా గవర్నమెంట్ హౌస్‌ను వెల్లస్లీ కాలంలో, 1803 నాటికి, ఈ మేడ నమూనా మీదే కట్టారు. కెడిల్‌స్టన్‌కు నాలుగు పక్క భవనాలు గీసి రెండే కట్టగలిగారు. కలకత్తాలో నాలుగూ కట్టారు.