ఫిలమెంట్‌కి ఏసీనా, డీసీనా? మావయ్యకీ అల్లుడికీ కుదరని లెక్క

గొడవకి కారణం నా ప్రీయాంప్లిఫైయరే, అంటే సన్నటి సిగ్నల్‌ని ముందుగా పెంచే పెట్టె. రికార్డు ప్లేయర్ కోసం రెండు ఇసీసీ83 వాల్వులతో (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు, లోపలి ఫిలమెంట్ తీగ కాలి కాథోడ్‌ని వేడిచేస్తేనే పనిచేస్తాయి) నా చేత్తో నేనే కట్టుకున్నాను, తీరా చూస్తే పాట మొదలవకముందే స్పీకర్లో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. పాత రేడియోలూ మైకుసెట్లూ బాగుచేసి బతికిన మావయ్యనీ, ఎలక్ట్రానిక్స్ చదివొచ్చిన ఆయన మేనల్లుణ్నీ ఒకే సాయంత్రం పిలవడం నాది బుద్ధి తక్కువ.

అల్లుడు: ఇందులో ఆలోచించడానికేముంది మావయ్యా? ఫిలమెంట్లకి ఏసీ ఇచ్చాడు, సెకనుకి 50 సార్లు ఊగే ఆ 50 సైకిల్స్ కాథోడ్‌లోకి దూరింది. డీసీ చేసేస్తే పోతుంది.

మావయ్య: ఆగరా. 50 అని నీకెవరు చెప్పారు? చెవి పెట్టి విను. మెత్తగా, అడుగున ఎక్కడో మూలిగినట్టుంటే 50. అది ఫిలమెంట్ పని కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉండి వైర్లలోకి ఎక్కిందీ కావచ్చు. జర్రుమని గీరినట్టుంటే 100, అప్పుడు కండెన్సర్లనో ఎర్తునో అనుమానించాలి. రోగం తెలీకుండా మందు రాసేస్తావేంటి?

అల్లుడు: మెత్తగానే ఉందిగా. ఇప్పుడేమంటావు?

మావయ్య: పాట పెట్టి, ఫిలమెంట్ కరెంటు ఒక్కటే తీసెయ్. కాథోడ్ వేడి కొన్ని సెకన్లు నిలుస్తుంది, ఆ కాసేపూ పాట ఆగదు.

(ఫిలమెంట్‌కి విడిగా స్విచ్చు పెట్టుకున్నాను లెండి. 270 వోల్టుల హెచ్‌టీ, అంటే వాల్వులకిచ్చే హై టెన్షన్, ఉండగా లోపల వేళ్లు పెట్టమనే మనిషి కాదాయన.) స్విచ్చు తీశాను. పాట నడుస్తూనే ఉంది, రొద మాత్రం కత్తిరించినట్టు పోయింది. తర్వాత పాట కూడా నీరసపడి పడి ఆగింది.

అల్లుడు: దొంగ దొరికాడు!

మావయ్య: దొరికాడని ఉరేస్తావా? ముందు ఆ వైరింగు చూడు. ఫిలమెంట్ వైర్లు రెండూ రైలుపట్టాల్లా విడివిడిగా, అదీ పాట వాల్వులోకి వెళ్లే గ్రిడ్ వైరుకి పక్కనే. కొబ్బరితాడు పేనినట్టు బిగించి పేనితే ఒకదాని ప్రభావాన్ని రెండోది కొట్టేస్తుంది. చాసిస్ మూలకి ఒత్తి తీసుకెళ్లాలి, గ్రిడ్ వైరుని దాటాల్సొస్తే అడ్డంగా దాటాలి. పైగా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫిలమెంట్‌కిచ్చే ఈ వైండింగ్‌కి ఎర్తుకి కలపడానికి మధ్యలో కొస, సెంటర్ ట్యాపే లేదు, గాల్లో తేలుతోంది. 100 ఓముల రెసిస్టెన్సులు రెండు తెచ్చి చెరో కొస నుంచి ఎర్తుకి వెయ్యి, సగం గోల అక్కడే తగ్గుతుంది.

అల్లుడు: మైకుసెట్టుకైతే సరిపోతుంది మావయ్యా. ఇది రికార్డు ప్లేయర్. సూది నుంచి వచ్చేదే 5 మిల్లీవోల్టులు. దానికి తోడు రికార్డు కోసేటప్పుడు తగ్గించిన అడుగు స్వరాల్ని తిరిగి పెంచే ఆర్‌ఐఏఏ సర్దుబాటు వల్ల 1000 సైకిల్స్‌తో పోలిస్తే 50 దగ్గర ఏడు రెట్లు పెంచుతున్నాం. అంటే రొదకి పీట వేసి మరీ కూర్చోబెడుతున్నాం. వాల్వు లోపల ఫిలమెంట్ నుంచి కాథోడ్‌కి కారేదాన్ని బయట వైర్లు ఎంత పేనితే మాత్రం ఏమాగుతుంది?

మావయ్య: ఆగదు. అందుకే ఫిలమెంట్ వోల్టేజీని కాథోడ్ కంటే పైకెత్తాలి. హెచ్‌టీ నుంచి 220 కిలో ఓములు, కింద 47 కిలో ఓములు, మధ్యలో 47 వోల్టుల దాకా వస్తుంది. ఆ 47 కిలో ఓముల మీద ఒక కండెన్సర్ వేసి, ఎర్తుకి కలిపిన ఆ రెండు రెసిస్టెన్సుల కొస తీసి ఇక్కడ కలుపు. ఫిలమెంట్ కూడా ఎర్రగా కాలే తీగే కదరా, అదీ ఎలక్ట్రాన్లు విసురుతుంది. కాథోడ్ కంటే కింద ఉన్నప్పుడు అవి కాథోడ్ మీదకి దూకుతాయి, ఎత్తిపెడితే దూకవు.

(ఇది విన్నాక అల్లుడు కాస్త తగ్గాడు. కాసేపే.)

అల్లుడు: బాగుంది, ఒప్పుకున్నాను. మరి మన ఊరి కరెంటు సంగతేంటి? రాత్రయ్యేసరికి రొయ్యల చెరువుల మీద నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్లు వేస్తారు, 230 కాస్తా 190కి వస్తుంది. ఫిలమెంట్‌కి 6.3 పోయి 5.2. పది శాతం తేడా దాకా ఓర్చుకుంటుంది గానీ ఇది పదిహేడు. వోల్టేజీని నిలబెట్టే రెగ్యులేటర్ పెట్టిన డీసీ అయితే కదలదు.

మావయ్య: కదలదా? ఆ 6.3 వైండింగ్ నుంచే తీస్తావా? డయోడ్లు తినగా 230లో మిగిలేది ఏడున్నర. 190లో ఆరు కూడా రాదు. నీ రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, 100 సైకిల్స్ అలలు నేరుగా ఫిలమెంట్‌లోకి దిగుతాయి. మూలుగు పోయి జర్రు వచ్చింది, ఏం బాగుపడ్డావు?

అల్లుడు: దాని నుంచి ఎవరు తీస్తారు? విడిగా 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. వాల్వులో రెండు సగాలూ సిరీస్‌లో పెడితే 12.6 వోల్టులు, వాల్వుకి 150 మిల్లీఆంపులే. కరెంటు 190కి పడినా డయోడ్ల తర్వాత 16 దాకా ఉంటుంది. 4700 మైక్రోఫారడ్ల కండెన్సర్, ఒక ఎల్‌ఎం317 రెగ్యులేటర్, చిన్న హీట్‌సింక్.

మావయ్య: నెగటివ్ ఎక్కడ కలుపుతావు?

అల్లుడు: ఇన్‌పుట్ ఎర్తు దగ్గర... పక్కనే ఉంది కదా.

మావయ్య: అదిగో! కండెన్సర్ నిండేటప్పుడు కరెంటు ధారగా రాదు, దెబ్బ మీద దెబ్బగా వస్తుంది. ఆ దెబ్బలన్నీ సూది నుంచి వచ్చే ఎర్తు వైరులోంచి నడిపిస్తావా? డయోడ్లూ కండెన్సరూ తమలో తాము చుట్టు పూర్తి చేసుకోవాలి. రెగ్యులేటర్ దాటాక ఒక్క వైరు, అదీ ఆ 47 వోల్టుల దగ్గరికి.

మామూలుగా సీడీ ప్లేయర్‌కో ట్యూనర్‌కో కట్టిన ప్రీయాంప్ అయితే మావయ్య చెప్పినంతవరకూ చాలని నేనూ అనుకుంటాను, డీసీ దండగ. రికార్డు ప్లేయర్‌కి వచ్చేసరికే నాకు టెన్షన్. ముందు ఆయన మాటే విని వైర్లు పేని, ఫిలమెంట్‌ని పైకెత్తాం. స్పీకర్‌కి చెవి ఆనిస్తే తప్ప రొద వినపడలేదు. మావయ్య తువ్వాలు భుజాన వేసుకుని లేచారు.

అప్పుడే చెరువుల వైపు మోటార్ల చప్పుడు మొదలై అరుగు మీది బల్బు ఎర్రబడింది. అల్లుడు మాట్లాడకుండా ఫిలమెంట్ మీద మీటరు పెట్టి ఆయన వైపు తిప్పాడు. 5.4.

మావయ్య తువ్వాలు మళ్లీ కుర్చీ మీద పడేశారు. "ఆ 15 వోల్టులది ఎక్కడుందో తియ్యరా. నెగటివ్ మాత్రం నేను కలుపుతాను."