సవరణ: షాక్ అబ్జార్బర్‌లో నైట్రోజన్ తగ్గినట్టు గేజ్ చూపిస్తే

ఇంట్లోనే షాక్ అబ్జార్బర్లకు నైట్రోజన్ నింపుకునే ఏర్పాటు గురించి ఇంతకుముందు రాసినప్పుడు, నింపాక ఒత్తిడి కొలిచే గేజ్ మళ్లీ తగిలించి చూడమనీ, ప్రెషర్ తగ్గితే సీల్ లీకవుతున్నట్టేననీ చెప్పాను. అది తప్పు. ఆ మాట నమ్మి బాగున్న షాక్‌ను విప్పినవారుంటే క్షమించండి.

గేజ్ తగిలించగానే షాక్‌లోని గ్యాస్‌లో కొంత భాగం గేజ్‌కున్న ఖాళీ హోస్ (గొట్టం)లోకి వస్తుంది, దాంతో ఒత్తిడి పడిపోతుంది. షాక్‌లో నైట్రోజన్ ఉండే గ్యాస్ గది 100 మిల్లీలీటర్లు, హోస్, గేజ్ కలిపి 20 మిల్లీలీటర్లు అనుకుందాం. లోపల సరిగ్గా 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) ఉన్నా గేజ్ దాదాపు 167 చూపిస్తుంది. గ్యాస్ గది చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి హోస్ తగిలించి ఉండగానే కంపెనీ చెప్పిన అంకెకు నింపి, ముందు షాక్ వాల్వ్ మూసుకునేలా చేసి, ఆ తర్వాతే హోస్ విప్పాలి. పొట్టి హోస్ మేలు.

లీకు అనుమానముంటే వాల్వ్ దగ్గర సబ్బునీళ్లు రాయండి, షాక్‌లోకి, బయటికి కదిలే కడ్డీ (షాఫ్ట్) మీద ఆయిల్ తడి ఉందేమో చూడండి.

అప్పుడు రాయాల్సింది, రాయనిది ఇంకొకటి: నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ మాత్రం ఎక్కించకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు షాక్‌లోని ఆయిల్ తగిలితే పేలవచ్చు. సిలిండర్ ఒత్తిడిని తగ్గించి పంపే రెగ్యులేటర్ కూడా నైట్రోజన్ సిలిండర్ పూర్తి ఒత్తిడికి తట్టుకునేదే ఉండాలి.