శ్రీమతి పైడితల్లి గారు లోపలికి రావాలి

పైడితల్లి అన్నది మగవాడి పేరు కూడా అవుతుందని విజయనగరంలో పుట్టి పెరిగినవారెవ్వరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మా ఊరి అమ్మవారి పేరే కావచ్చుగాక, బిడ్డ దక్కితే నీ పేరు పెట్టుకుంటామని మొక్కుకున్న దంపతులు, పుట్టినవాడు మగపిల్లాడన్న వంకతో మొక్కు ఎగవేయరు కదా. కొందరు కాస్త ముందుచూపుతో చివర రాజునో నాయుడినో తగిలించి పైడిరాజు, పైడినాయుడు అని సర్దుకుంటారు. మా నాన్నగారికి అలాంటి బేరాలు గిట్టవు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలని, ముందూ వెనకా ఏమీ చేర్చకుండా నన్ను ఉత్త పైడితల్లిని చేసి వదిలిపెట్టారు.

ఆ రోజుల్లో దానివల్ల ఇబ్బందేమీ కలగలేదు. మా బడిలో ఈ పేరు పిలిస్తే ఆడపిల్లల వరుసలోంచీ మగపిల్లల వరుసలోంచీ కూడా సమాధానం వచ్చేది గనుక మాస్టారు ఇంటిపేర్లతో సహా పిలిచేవారు. సింహాచలం అన్న పేరుదీ అదే తీరు. శ్రీకాకుళం వైపు ముఖలింగాలూ కూర్మారావులూ ఈ విషయంలో అదృష్టవంతులు. వాళ్లూ దేవుళ్ల పేర్లు పెట్టుకున్నవాళ్లే గాని, వాళ్లను చూసి ఎవరూ తికమకపడరు. ఇప్పుడు మా వీధి చివరి కాన్వెంటులో హాజరు పిలుస్తుంటే విహాన్‌లూ అద్విక్‌లూ రేయాన్ష్‌లూ పలుకుతున్నారు తప్ప, మగ పైడితల్లి ఒక్కడూ పలకడం లేదు. దసరా వెళ్లిన మంగళవారం నాడు, అమ్మవారి పండగకు, ఊళ్లోని మూడు లాంతర్ల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం నిలబడి, సిరిమాను అనే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి మీదికి అరటిపళ్లు విసిరి దండం పెడతారు. పిల్లాడికి పేరు పెట్టాల్సి వచ్చేసరికి మాత్రం అమ్మవారిని గుడిలోనే వదిలేసి ఫోనులో వెతుక్కుంటారు.

ఇక మొన్నటి సంగతి. నడుము పక్కన నొప్పి వచ్చింది, డాక్టరుగారు పొట్ట స్కానింగు రాశారు, మా మేనల్లుడు ఫోనులో నా పేరూ వయసూ చెప్పి సమయం తీసుకున్నాడు, నేను వారు చెప్పిన ప్రకారం లీటరు నీళ్లు తాగి, మళ్లీ బయటికి పోనీయకుండా బిగబట్టుకుని వెళ్లి కూర్చున్నాను. కొంతసేపటికి మైకులో "శ్రీమతి పైడితల్లి గారు లోపలికి రావాలి" అని వినిపించింది. ఊళ్లో ఈ పేరుగల ఆడవాళ్లకు కొదవ లేదు గనుక నేను కదలలేదు. రెండోసారి వయసుతో సహా పిలిచినప్పుడు గాని అది నేనేనని తెలియలేదు.

కౌంటరులోని అమ్మాయి తలెత్తకుండానే ఒక కాగితం నా చేతిలో పెట్టి, "ఇది పేషెంటుగారితో నింపించి సంతకం పెట్టించండి" అన్నది. చదివాను. భర్త లేదా తండ్రి పేరు అడిగారు. బతికి ఉన్న సంతానంలో కొడుకులెందరు, కూతుళ్లెందరు, వారి వయసులేమిటని అడిగారు. ఎన్నో వారం నడుస్తోందని అడిగారు. చిట్టచివర, స్కానింగు ద్వారా నా గర్భంలోని శిశువు ఆడో మగో తెలుసుకోవాలన్న కోరిక నాకు లేదని నేను ప్రకటిస్తూ చేయవలసిన సంతకానికి చోటు వదిలారు. కోరిక లేని మాట నిజమే.

గర్భస్థ శిశువుల లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసి, 2003లో మరింత బిగించిన ఆ చట్టాన్ని ఎగతాళి చేసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. ఆడపిల్లలను కడుపులోనే కడతేర్చేవారున్నంత కాలం అది ఉండవలసిందే. అయితే ఆ కాగితం గర్భిణులకు ఉద్దేశించినదే గాని, కంప్యూటరులో స్త్రీ అని పడిన ప్రతి చీటీకీ కళ్లు మూసుకుని జతచేయడానికి కాదు. నా పొట్ట వారి అనుమానానికి కొంత ఊతమిచ్చి ఉండవచ్చునని ఒప్పుకుంటాను. మీసం మాట ఏమిటి?

"పేషెంటును నేనేనమ్మా" అన్నాను. ఆమె అప్పుడు తలెత్తి చూసి, పక్కనున్న అబ్బాయిని పిలిచింది. అతను నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, చివరికి తెరనే నమ్మాడు. "ఒకసారి సేవ్ అయిన తరువాత ఆడ, మగ అన్నది మార్చడానికి కుదరదండీ. రద్దుచేసి మళ్లీ నమోదు చేయాలి. రద్దు చేయడం మేనేజరుగారి లాగిన్‌లోనే అవుతుంది. ఆయన భోజనానికి వెళ్లారు" అని ఎంతో వినయంగా చెప్పాడు. అమ్మవారి విగ్రహం దొరికిన మా పెద్దచెరువు గట్టు భారీ వర్షాలకు ఎలా ఉంటుందో, నా లోపలి పరిస్థితి అప్పటికి అలా ఉంది. ఒక కాలి మీది బరువు మరో కాలి మీదికి మార్చుకుంటూ, ఈ పేరుతో మగవాళ్లుంటారని, కొండపల్లి పైడితల్లినాయుడుగారు బొబ్బిలి నుంచి లోక్‌సభకు ఎన్నికై వెళ్లారని అతనికి వివరించాను. "ఆయన వివరాలు మా సిస్టంలో లేవండీ" అన్నాడు.

అతని తల వెనక గోడ మీద నీలం బోర్డు ఉంది. ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు, అది శిక్షార్హమైన నేరం అని రెండు భాషలలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాసిన మాటకు ఇంత నిక్కచ్చిగా కట్టుబడిన సంస్థను నేను మరొకదాన్ని చూడలేదు. ఎదురుగా నిలబడిన నలభై దాటిన మనిషి ఆడో మగో తేల్చడానికి కూడా వారు సాహసించలేదు.

నా వెనక వరుసలో ఉన్న ఒక ముసలమ్మకు ఓపిక నశించింది. "ఓలమ్మ, మీసాలు అవుపడతంటే ఈ గుంటడికి ఇంకేటి కావాలి? మా మావ పేరూ పైడితల్లే. ఏడుగురు పిల్లల్ని కన్నాడు" అని సాక్ష్యం చెప్పింది. ఆవిడ ఉద్దేశం మంచిదే అయినా, కన్నాడన్న మాట ఆ చోట, ఆ కాగితం నా చేతిలో ఉండగా, నాకు ఏ మాత్రం ఉపకరించలేదు. హాలంతా గొల్లుమన్నది. నిండిన పొట్టతో నవ్వకూడదని తెలిసిన తోటి రోగులు కొందరు గోడలు పట్టుకున్నారు.

నేను ఆ సంతకం పెట్టానా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. స్కానింగు జరిగింది.

సాయంత్రం రిపోర్టు ఇచ్చారు. ఎడమ మూత్రపిండంలో 6 మిల్లీమీటర్ల రాయి ఉందట. దాని కింద గర్భాశయం అన్నచోట కనిపించలేదని, అండాశయాలు అన్నచోట రెండూ కనిపించలేదని రాసి, ఈ విషయమై స్త్రీల వైద్య నిపుణులను సంప్రదించవలసిందిగా సూచించారు. మా ఆవిడ ఆ కాగితం ఆసాంతం చదివి, రాయి ఊసెత్తకుండా, ముందుగా ఫొటో తీసి గజపతినగరంలో ఉన్న తన చెల్లెలికి పంపింది.